చదువులూ సందేహాలూ: పక్క గదిలో చైనా విద్యార్థి

విదేశాల్లో చదువుకునే మన పిల్లల కోసం నడుపుతున్న ఈ శీర్షికకి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వాటిలో చైనా విద్యార్థుల ప్రస్తావనే ఉంది. చదువు మనవాళ్ళది, బెంగ పక్కవాళ్ళ గురించి! అందుకని ఈసారి బ్యాంకు లోన్లూ ఐఈఎల్‌టీఎస్ కోచింగులూ పక్కనపెట్టి ఈ ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ళకి ఒక్క మాట. నేను మెల్‌బోర్న్‌లో ఒక యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సహాయ విభాగంలో కొన్నేళ్ళు పనిచేశాను. అమ్మకి తోడుగా ఉండాలని నెల్లూరు వచ్చేశాను. అక్కడ నా కౌంటర్ దగ్గరికి వచ్చిన పిల్లల్లో చైనావాళ్ళే ఎక్కువ.

"మా అమ్మాయి మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చేస్తోంది. ముగ్గురు చైనా అమ్మాయిలతో కలిసి ఒకే ఇంట్లో ఉంటోంది. ఇన్ని నెలలైనా 'హాయ్' తప్ప రెండో మాట లేదంట. వండుకోవడం, గిన్నెలు కడుక్కోవడం, గదిలోకి పోయి తలుపేసుకోవడం. మా దగ్గర గ్రానైట్ కొనడానికి వచ్చే చైనావాళ్ళు అట్లా ఉండరే, భుజం మీద చెయ్యేసి మాట్లాడతారు. ఆ పిల్లలకి మనమంటే చిన్నచూపా అండీ?" (ఒక తండ్రి, చీమకుర్తి)

చిన్నచూపు కాదండీ, బెదురు. మీ గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు చూడటానికి వచ్చే వ్యాపారి పక్కన దుభాషి ఉంటాడు. చేతిలో కాలిక్యులేటర్ ఉంటుంది. పైగా డబ్బులిచ్చేది ఆయనే. కొనేవాడి భాషలో తప్పులు ఎవరెంచుతారు? ఆ పిల్లలకి ఈ మూడూ లేవు.

చైనాలో మన ఇంటర్ లాంటి చదువు అయ్యాక గావోకావ్ అనే పరీక్ష ఉంటుంది. ఏటా జూన్ 7న మొదలవుతుంది. 2024లో దానికి కోటీ 34 లక్షల మంది పేర్లిచ్చారు. చాలా రాష్ట్రాల్లో మొత్తం 750 మార్కులు, అందులో ఇంగ్లీషుకి 150. అంటే ఆ పిల్లలకి ఇంగ్లీషు రాదనుకోకండి. గ్రామర్ మనవాళ్ళకంటే గట్టిగానే ఉంటుంది. కాకపోతే చాలాచోట్ల నోటితో మాట్లాడటానికి ఆ 150లో వాటా లేదు. రెండేళ్ళు హాస్టల్లో కూర్చోబెట్టి ఎంసెట్ బిట్లు నూరించిన పిల్లని ఉన్నట్టుండి స్టేజీ ఎక్కించి మైకు చేతికిచ్చినట్టుంటుంది వాళ్ళకి.

నా కౌంటర్ దగ్గరికి వచ్చే చైనా అమ్మాయిలు క్యూలో నిలబడి ఫోన్లో ఏదో చూస్తూ పెదవులు కదుపుతుండేవాళ్ళు. పాటలు వింటున్నారనుకునేరు. అడగాల్సిన ప్రశ్న ముందే టైప్ చేసుకుని, దాన్ని వల్లెవేసుకునేవాళ్ళన్నమాట. ప్రశ్న చక్కగా అడిగేస్తారు. చిక్కంతా నేను జవాబు చెప్పాకే. జవాబుకి రిహార్సల్ ఉండదు కదా! 'యస్, యస్' అని తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ రెండు 'యస్'లకి అర్థం కాలేదని లెక్క. అందుకే నేను అసలు విషయం చిన్న కాగితం మీద రాసిచ్చేదాన్ని. అది చూడగానే మొహం విప్పారేది, అప్పుడు రెండో ప్రశ్న అడిగేవాళ్ళు.

మీ అమ్మాయినే ముందు పలకరించమనండి. 'ఎట్లా ఉన్నావు, మీ ఊరేది' లాంటివి వద్దు, ఒక్క ముక్కలో జవాబు దొరికేది అడగమనండి. అక్కడ కొన్ని పేటల్లో చెత్తడబ్బాల్లో ఒక వారం పసుపు మూతది బయట పెట్టాలి, ఒక వారం ఆకుపచ్చ మూతది. 'ఈ వారం ఏది?' అని అడిగితే చాలు. ఇంకోటి, పెద్ద మంట మీద మూకుడు పెట్టి వాళ్ళు వండినా, ఎండుమిరపకాయలు వేసి మనం పోపు పెట్టినా ఆ ఇళ్ళల్లో పొగ అలారం ఒకేలా మోగుతుంది. అది మోగిన రోజు అందరూ తువ్వాళ్ళు పట్టుకుని విసరడానికి పరిగెత్తాల్సిందే. స్నేహాలు అక్కడ మొదలవడం నేను చాలాసార్లు విన్నాను.

"గ్రూప్ ప్రాజెక్టులో నేను కాక నలుగురూ చైనావాళ్ళే. మీటింగ్‌లో వాళ్ళ భాషలో మాట్లాడుకుంటారు, చివర్లో నాకు ఒక్క లైను చెబుతారు. చాటింగ్ అంతా వీచాట్‌లోనే. మార్కులు పోతాయని టెన్షన్‌గా ఉంది. ప్రొఫెసర్‌కి కంప్లైంట్ చేయనా?" (ఒక విద్యార్థి, కావలి. ప్రస్తుతం సిడ్నీ)

కంప్లైంట్ చేసే ముందు ఒక్కసారి తిప్పి ఆలోచించు నాయనా. గ్రూపులో నలుగురు తెలుగువాళ్ళుండి ఒక్కడే చైనా కుర్రాడైతే, మీటింగ్ ఏ భాషలో నడిచేది? 'అరే, డెడ్‌లైన్ ఎప్పుడురా' అనేది ఇంగ్లీషులో వస్తుందా?

భాష మీద కంప్లైంట్ చేస్తే అది ఎటుపోతుందో కూడా చూసుకోవాలి. 2019 జనవరిలో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో బయోస్టాటిస్టిక్స్ మాస్టర్స్ ప్రోగ్రామ్ చూసే ప్రొఫెసర్ ఒకరు విద్యార్థులకి మెయిల్ పెట్టారు. డిపార్ట్‌మెంట్ బిల్డింగులో చైనా భాష మాట్లాడొద్దు, పూర్తిగా ఇంగ్లీషే వాడండి అని. ఇంటర్న్‌షిప్ అవకాశాలు దెబ్బతింటాయన్న హెచ్చరిక కూడా అందులో ఉంది. అది బయటపడి పెద్ద గొడవైంది. ఆమె ఆ బాధ్యత నుంచి తప్పుకోవాల్సి వచ్చింది, యూనివర్సిటీ క్షమాపణ చెప్పింది. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడుకోవడం తప్పు కాదు. నిన్ను వదిలేసి నిర్ణయాలు తీసుకోవడం తప్పు. నువ్వు అడగాల్సింది ఆ రెండోదాని గురించే.

మీటింగ్‌కి ముందురోజే ఏమేం తేల్చుకోవాలో మూడు నాలుగు లైన్లు రాసి అందరికీ పంపు. గూగుల్ డాక్ ఒకటి తెరిచి, నిర్ణయాలన్నీ ఇందులోనే రాద్దాం అను. నోటితో మాట్లాడటానికి తడబడేవాళ్ళు అక్కడ చకచకా రాసేస్తారు, చూస్తుండు. నీ ఇంగ్లీషు కూడా కాస్త నెమ్మది చెయ్యి. మన స్పీడుకీ మన యాసకీ వాళ్ళు ఎంత అవస్థ పడతారో మనకి తెలియదు. వీచాట్ సంగతంటావా, 2020 జూన్‌లో మన ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో అదీ ఉంది కాబట్టి నీకు అలవాటు లేదు. వాళ్ళ దేశంలో వాట్సాప్ నడవదు కాబట్టి వాళ్ళకి అది అలవాటు లేదు. ప్రాజెక్టు వరకూ యూనివర్సిటీ ఇచ్చిన టీమ్స్‌లో మాట్లాడుకోండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇంత చేసినా నిన్ను లెక్కచేయకపోతే అప్పుడు ట్యూటర్‌కి చెప్పు. ఆ గూగుల్ డాకే నీకు సాక్ష్యం.

"మాది ఆత్మకూరు. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో చదువుతున్నాను. మా పక్క గదిలోని చైనా అబ్బాయి వారం పైగా క్లాసుకి రావట్లేదు. రాత్రంతా లైటు వెలుగుతూనే ఉంటుంది. ఫుడ్ డెలివరీ బ్యాగులు తలుపు బయటే పడుంటున్నాయి. పోయిన సెమిస్టర్‌లో సబ్జెక్టులు పోయాయని ఎవరో అన్నారు. నాకెందుకులే అని ఊరుకోవాలా, ఎవరికైనా చెప్పాలా అక్కా?" (పేరు వద్దన్నారు)

చెప్పాలి తమ్ముడూ, ఇవాళే చెప్పాలి. పత్రిక వచ్చేదాకా ఆగకూడదని నీకు మెయిల్ కూడా పెట్టాను. మిగతావాళ్ళకీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు తలుపు తట్టు. 'తిన్నావా' అని అడుగు, తినలేదంటే నీ అన్నంలోంచే ఓ గిన్నె ఇవ్వు. మాట్లాడలేకపోతుంటే మెసేజ్ పెట్టు, వాళ్ళకి అది సులువు. మనిషి బాగా డీలాపడి కనిపిస్తే 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని సూటిగా అడుగు. అట్లా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామనుకోవడం అపోహ. అవునంటే, లేదా తలుపే తీయకపోతే, అక్కడి అత్యవసర నంబరు 000కి ఫోన్ చెయ్యి. క్యాంపస్ హాస్టలైతే సెక్యూరిటీవాళ్ళకీ చెప్పు, వాళ్ళు వచ్చి చూస్తారు. అంత అత్యవసరం కాదనిపిస్తే కష్టంలో ఉన్నవాళ్ళు మాట్లాడుకునే హెల్ప్‌లైన్ 'లైఫ్‌లైన్' నంబరు 13 11 14, రాత్రీ పగలూ పలుకుతుంది. అతనికి ఇంగ్లీషులో గోడు చెప్పుకోవడం కష్టమైతే అక్కడి దుభాషి సేవ 131 450కి చేసి చైనా భాష దుభాషిని అడగొచ్చు. యూనివర్సిటీ కౌన్సెలింగ్‌కి డబ్బులు కట్టక్కర్లేదు. మొదటిసారి నువ్వే తోడు వెళ్ళు, గది ఎక్కడుందో తెలియకే చాలామంది ఆగిపోతారు. యేల్ యూనివర్సిటీలో చైనా విద్యార్థుల మీద చేసిన ఒక సర్వే 2013లో వచ్చింది. అందులో 45 శాతం మందిలో డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. క్యాంపస్‌లో కౌన్సెలింగ్ దొరుకుతుందన్న సంగతే తెలియనివాళ్ళు నాలుగో వంతు పైనే.

వాళ్ళ అమ్మానాన్నలకి మాత్రం నువ్వు ఫోన్ చేయొద్దు. ఎందుకంటే, ఒక్క బిడ్డ నియమం చైనాలో 2016 దాకా ఉంది. ఇప్పుడు చదువుకుంటున్న వాళ్ళలో ఎక్కువమంది ఇంటికి ఒక్కగానొక్కరు. అమ్మా నాన్నా కాక, ఇరువైపులా తాతలూ అమ్మమ్మలూ నానమ్మలూ దాచిన డబ్బుతో వచ్చుంటారు. ఇంటికి మంచి కబురే చెప్పాలి, చెడ్డ కబురు మనలోనే ఉంచుకోవాలి అన్న పట్టింపు బలంగా ఉంటుంది. ఫెయిలైన సంగతి నీ నోటి ద్వారా వాళ్ళకి చేరిందంటే, అతను ఆ తలుపు ఇంకెప్పుడూ తీయడు. చెప్పాల్సి వస్తే ఆ పని యూనివర్సిటీవాళ్ళు చూసుకుంటారు.

ఇక సబ్జెక్టుల సంగతి. చదువు సరిగ్గా సాగట్లేదంటే, వీసా విభాగానికి తెలియజేయబోతున్నామని యూనివర్సిటీ ముందుగా విద్యార్థికి లెటర్ పంపుతుంది. అది చూడగానే వీసా పోయింది, రేపే పంపించేస్తారు అనుకుంటారు పిల్లలు. కాదు. అప్పీలు చేసుకోవడానికి 20 పనిదినాలు ఉంటాయి. ఆరోగ్యం బాగాలేకపోవడం, ఇంట్లో ఎవరైనా పోవడం లాంటి కారణాలుంటే డాక్టర్ కాగితాలతో చెప్పుకోవచ్చు. నేను చూసినంతలో అప్పీలు ఓడిపోయి ఇంటిదారి పట్టినవాళ్ళకంటే, భయంతో ఆ మెయిల్ తెరవక గడువు దాటబెట్టుకున్నవాళ్ళే ఎక్కువ. కాబట్టి అతను కాస్త కుదుటపడ్డాక పక్కన కూర్చుని మెయిల్ తెరిపించు.

ఇట్లాంటి సమయంలోనే 'అసైన్‌మెంట్ మేం రాసిపెడతాం' అనే ప్రకటనలు వాళ్ళ భాషలో వాళ్ళ ఫోన్లకే వస్తాయి. ఆస్ట్రేలియాలో 2020 నుంచి అట్లా రాసిపెట్టే వ్యాపారం నేరం. డబ్బులు తీసుకున్నవాళ్ళే తర్వాత 'ఇంకా ఇవ్వు, లేకపోతే యూనివర్సిటీకి చెప్తాం' అని బెదిరిస్తారు. అతను ఆ ఊబిలో దిగుంటే అది కూడా కౌన్సెలర్‌కి చెప్పుకోవచ్చు.

"మా వాడు బ్రిస్బేన్‌లో ఉన్నాడు. వాడి ఫోన్‌కి చైనా భాషలో రికార్డింగ్ కాల్స్ వస్తున్నాయట. వాడికి ఆ భాష ఒక్క ముక్క రాదు. ఎవరైనా మా వాడి వెంటపడ్డారా?" (ఒక తల్లి, ఒంగోలు)

కంగారు పడకమ్మా, ఎవరూ వెంటపడలేదు. మోసగాళ్ళు కంప్యూటర్ పెట్టి ఎవరి నంబరనేది చూడకుండా వేలకి వేలు కాల్స్ కొట్టిస్తారు. భాష అర్థంకాని మీవాడు కట్ చేస్తాడు. అర్థమయ్యే పిల్లలే దొరికిపోతారు.

రికార్డింగ్‌లో ఏముంటుందంటే, చైనా ఎంబసీ నుంచో కొరియర్ కంపెనీ నుంచో మాట్లాడుతున్నాం, నీ పేరుతో ఒక పార్సిల్ పట్టుబడింది అని. నొక్కమన్న అంకె నొక్కగానే 'పోలీసు'కి కలుపుతారు. యూనిఫారంలో మనిషి, వెనక స్టేషన్ బోర్డు, ఫోటోతో సహా అరెస్టు వారంటు. ఎవరికీ చెప్పకూడదు, వీడియో కాల్ ఆపకూడదు అంటారు. డబ్బంతా ఊడ్చాక కూడా వదలరు. హోటల్ గదికో ఊరి బయటికో వెళ్ళిపొమ్మని, చేతులు కట్టేసినట్టు ఫోటోలు తీయించుకుంటారు. ఆ ఫోటోలు చైనాలో ఉన్న అమ్మానాన్నలకి పంపి, మీ బిడ్డని ఎత్తుకొచ్చాం డబ్బివ్వండి అంటారు. ఎత్తుకొచ్చిన వాడెవడూ ఉండడు, బిడ్డ తనంతట తానే ఒంటరిగా కూర్చుని ఉంటాడు. ఒక్క న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోనే 2020లో సగం ఏడాది గడిచేసరికి ఎనిమిది కేసుల్లో 32 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు పోయాయని అక్కడి పోలీసులు చెప్పారు. 2023 డిసెంబర్‌లో అమెరికాలోని యూటా రాష్ట్రంలో హైస్కూల్ చదువుతున్న 17 ఏళ్ళ చైనా కుర్రాడు మంచు పడే కొండల్లో చిన్న గుడారంలో పోలీసులకి కనిపించాడు. అప్పటికే అతని తల్లిదండ్రులు దాదాపు 80 వేల డాలర్లు కట్టేశారు.

చదువుకున్న పిల్లలు ఎట్లా నమ్ముతారని నవ్వొద్దు. పోలీసు పిలిస్తే ఎదురడగకూడదని పెరిగిన పిల్లలు వాళ్ళు. ఇల్లు సముద్రాల అవతల. 'నిజమేనా?' అని అడగడానికి పక్కన మనిషి లేడు. అయినా నవ్వే హక్కు మనకెక్కడిది, డిజిటల్ అరెస్టు పేరుతో మన దగ్గర రిటైరైన ఆఫీసర్లూ డాక్టర్లే మోసపోతుంటే! మీ వాడికి ఆ కాల్స్ వచ్చే నంబర్లు బ్లాక్ చేయమనండి, తన చైనా క్లాస్‌మేట్స్‌తో ఈ సంగతి ఒకసారి మాట్లాడమనండి. మీకే ఇక్కడ అట్లాంటి కాల్ వస్తే పెట్టేసి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి.

"మా అబ్బాయి రూమ్మేట్ చైనావాడు. వాళ్ళంతా డబ్బున్నవాళ్ళే కదా. వీచాట్‌లో ఎవరో డాలర్లు బ్యాంకుకంటే మంచి రేటుకి ఇస్తారని, మనమూ అట్లా మార్చుకుందామని మావాడు అంటున్నాడు. మంచిదేనా?" (ఒక రొయ్యల రైతు, విడవలూరు మండలం)

వద్దు, వద్దు, వద్దు.

వాళ్ళంతా ధనవంతులు కారు. కొందరు కార్లు కొంటారు, కొందరు రాత్రిళ్ళు రెస్టారెంట్ వంటగదిలో గిన్నెలు తోముతారు. మనకి మొదటివాళ్ళే కంటికి ఆనతారు. వాళ్ళ దేశంలో ఒక మనిషి ఏడాదికి 50 వేల డాలర్ల విలువ మించి డబ్బు మార్చుకోవాలంటే కాగితాలు చూపించాలి. ఆ తలనొప్పి తప్పించుకోవడానికి కొందరు ఈ చాటుమాటు మార్పిడికి దిగుతారు. అవతలివాడు మీ పిల్లవాడి ఖాతాలో వేసే డాలర్లు ఎక్కడివో ఎవరికి తెలుసు? మోసాల డబ్బో, మత్తుమందుల డబ్బో అయితే ఖాతా స్తంభిస్తుంది. 2019లో బ్రిటన్‌లో ఇట్లాగే పదుల సంఖ్యలో ఖాతాలు ఆపేశారు, వాటిలో ఎక్కువ విదేశీ విద్యార్థులవే. మనకి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల వరకూ బ్యాంకు ద్వారానే పంపే వీలుంది. రూపాయో రెండో మిగులుతుందని ఆశపడితే విదేశీ డబ్బు మార్పిడి మీదున్న మన ఫెమా చట్టం కూడా మెడకి చుట్టుకుంటుంది.

"అమెరికా చైనా విద్యార్థులకి వీసాలు తగ్గిస్తే ఆ సీట్లు మనకొస్తాయంటున్నారు. నిజమా?" (బీటెక్ ఫైనలియర్, నెల్లూరు)

ఎవరన్నారో గానీ వాళ్ళకి కన్సల్టెన్సీ ఉండుంటుంది! విద్యార్థి వీసాకి దేశాలవారీ కోటా లేదు, ఒకరిది తగ్గితే ఇంకొకరికి కలపడానికి. పైగా లెక్క ఇప్పటికే తిరగబడింది. 2019–20లో అమెరికాలో చైనా విద్యార్థులు 3,72,532 మంది. 2023–24కి 2,77,398కి తగ్గారు. ఆ ఏడాది మనవాళ్ళు 3,31,602 మందితో మొదటి స్థానానికి వెళ్ళారు. అంటే ఇకమీదట అక్కడి జనం కంట్లో ముందు పడేది మనమే.

చైనా పిల్లల మీద బిగింపు కొత్తది కాదు. సైన్యంతో సంబంధమున్న సంస్థల్లో చదివిన పీజీ, పీహెచ్‌డీ వాళ్ళని రానివ్వొద్దని 2020 మేలోనే అమెరికా ఉత్తర్వు ఇచ్చింది. 2025 మే 28న చైనా విద్యార్థుల వీసాలు గట్టిగా రద్దు చేస్తామని విదేశాంగ మంత్రి ప్రకటించారు. దానికి ముందురోజే ఏం జరిగిందో గుర్తుందా? కొత్త స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల స్లాట్లు ఆపేశారు. చైనావాళ్ళకి మాత్రమే కాదు, మనతో సహా అన్ని దేశాలకీ. మూడు వారాల తర్వాత మళ్ళీ తెరిచినప్పుడు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌లో పెట్టమన్నారు, అది కూడా అందరినీ.

"గల్వాన్ సరిహద్దు గొడవ గురించి చైనా ఫ్రెండ్‌ని అడగొచ్చా మేడమ్?" (డిగ్రీ విద్యార్థి, గిద్దలూరు)

నలుగురి ముందు అడగొద్దు. తను ఏమన్నదీ పక్కనున్న తమ దేశం వాళ్ళే ఎవరైనా ఊరికి చేరవేస్తారేమో, ఇంట్లోవాళ్ళకి ఇబ్బందేమో అన్న జంకు వాళ్ళలో కొందరికి ఉంటుంది. ఆస్ట్రేలియా యూనివర్సిటీల మీద హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ 2021లో ఇచ్చిన నివేదిక అంతా ఈ భయం గురించే. ఇంకోవైపు అక్కడివాళ్ళు గూఢచారేమో అన్నట్టు చూస్తారు. అటూ ఇటూ కాని ఆ అవస్థలో మనం మూడోవైపు నుంచి నిలదీయడం దేనికి? బాగా దగ్గరయ్యాక తనే మాట్లాడితే విను.

"వచ్చే నెల మా కోడలు మెల్‌బోర్న్ వెళ్తోంది. చైనా రూమ్మేట్‌కి మన నెల్లూరు ఎండు రొయ్యలు పంపిద్దామనుకుంటున్నా, వాళ్ళు తింటారా?" (ఒక అత్తగారు, మైపాడు)

బ్రహ్మాండంగా తింటారమ్మా, దక్షిణ చైనావాళ్ళయితే మరీను. సూప్‌లోనూ కూరల్లోనూ వేసుకుంటారు. కానీ విమానంలో ఇచ్చే కార్డులో తినేవాటి గురించి దాచకుండా రాయాలి, రాయకపోతే అక్కడే జరిమానా వేస్తారు. ఎందుకొచ్చిన గొడవ! బాక్స్ హిల్ అనే పేటలో చైనా కొట్లున్నాయి, ఎండు రొయ్యలు రకరకాలవి దొరుకుతాయి. రూమ్మేట్‌నే వెంటబెట్టుకుని వెళ్ళమనండి, ఏది మంచిదో ఆ అమ్మాయే ఏరి పెడుతుంది. మీరు వండే పద్ధతి రాసి పంపితే చాలు.